బరువైన సున్నా

తుమ్మలకొండ మీద ముప్పై రెండు మీటర్ల వెడల్పున్న డిష్షు ఒకటి ఉంది. అదెక్కడుందని అడిగితే కొండ కింద మేకలు మేపుకునేవాళ్లు కూడా చెయ్యెత్తి చూపిస్తారు. ఎక్కడుందో తెలియనిది ఒక్క భూస్థితి సమన్వయ కేంద్రానికే. ఆ తెలియకపోవడం మీదే కేంద్రం నడుస్తోంది, నూట పద్నాలుగు మందికి ఉద్యోగాలూ అందుకే ఉన్నాయి.

వెటకారం అనుకునేరు, నిజంగానే అది గొప్ప పని. కోటానుకోట్ల మైళ్ల అవతల ఆకాశంలో ఎక్కడో ఒక వెలుగుముద్ద రేడియో కూత కూస్తూ ఉంటుంది. ఆ కూత మన డిష్షుకు ఒక క్షణంలో, వేరే దేశంలోని డిష్షుకు ఇంకో క్షణంలో చేరుతుంది. ఆ రెంటి తేడా పట్టుకుని లెక్క కడితే ఏ డిష్షు భూగోళం మీద ఎక్కడుందో, భూమి ఎంత వడిగా తిరుగుతోందో తేలుతుంది. అదీ మిల్లీమీటర్ల లెక్కన. ఒక్కరే లెక్క కడితే పొరపాటు రావచ్చని, ఆ కూతను రికార్డు చేసిన టేపులనే అయిదు విశ్లేషణ బృందాలకు ఇస్తారు. అయిదుగురూ అయిదు జవాబులు తెస్తారు. ఆ అయిదింటినీ కలిపి ఒక్క జవాబు చేసి కింద సంతకం పెట్టే మనిషి వకుళ.

ఎనిమిదేళ్లుగా ఆవిడ పని అదే. ప్రతి బృందం జవాబు పక్కన ఇంకో గడి ఉంటుంది, ఇందులో తప్పు ఎంత ఉండొచ్చు అని. అందరూ దాన్ని తప్పు గడి అంటారు. మొదటి బృందం పెద్ద నంజుండప్ప ఆ గడిలో ఎప్పుడూ ఒకటే రాసేవాడు: నాలుగు మిల్లీమీటర్లు అటూ ఇటూ. ఉద్యోగంలో చేరిన కొత్తలో వకుళను కూర్చోబెట్టుకుని, "తప్పెంతో రాయని కొలత కొలత కాదమ్మా, కోరిక" అని చెప్పాడు. వకుళ ఆ మాట మనసులో పెట్టుకుంది. ఎవరి జవాబు మిగతా నలుగురికీ దూరంగా పోతోందో చూసుకుని, ఎవరికి ఎంత బరువివ్వాలో తనే తూచి, తెలివిగా కలిపేది. అంతా బాగానే ఉండేది.

బాగా ఉన్నదాన్ని అలా ఉండనిస్తే అది ఆఫీసెందుకవుతుంది? డైరెక్టర్ ధనుంజయరావు మూడు రోజుల నాయకత్వ శిక్షణకు వెళ్లొచ్చి ఒక ఉత్తర్వు జారీ చేశాడు. పేరు నిశ్చయతా ప్రాధాన్య నియమావళి. "ఇకమీదట తప్పు గడిలో ఎవరు తక్కువ రాస్తే వారి ఫలితానికి ఎక్కువ బరువు ఇవ్వవలెను. సమన్వయ అధికారిణి సొంత విచక్షణ వినియోగించరాదు. తన మాట మీద తనకే నమ్మకం లేనివారి మాట మీద కేంద్రానికి నమ్మకం ఏల ఉండవలెను?" అని అందులో ఉంది.

ఇక చూడాలి సంబరం. రెండో బృందం రెండు మిల్లీమీటర్లని రాసింది. నాలుగో బృందం ఒకటని రాసింది. అయిదో బృందం వెంట్రుక మందంలో వెయ్యో వంతు అని రాసి, కింద గీత కూడా గీసింది. డిష్షు ఎండకు సాగి, చలికి ముడుచుకుని రోజుకు అంతకు పదివేల రెట్లు కదులుతుంది పాపం. దానికి ఉత్తర్వు ప్రతి ఇవ్వలేదు. నంజుండప్ప మాత్రం నాలుగు అటూ ఇటూ అనే రాశాడు. ఆయన మాటకు ఆ నెల దక్కిన బరువు చీమ తలకాయంత.

మూడో బృందం పెద్ద డాక్టర్ వేదాద్రి వీళ్లందరినీ చూసి నవ్వుకుని, గడిలో సున్నా పెట్టాడు.

బరువు తేల్చాలంటే తప్పు గడిలోని అంకెతో భాగించాలి. వకుళ కంప్యూటర్ గిలగిల్లాడి, సున్నాతో భాగించలేనని ఆగిపోయింది. ఆ సంగతి వకుళ డైరెక్టర్‌కు విన్నవించింది.

"యంత్రానికి సున్నాతో భాగించుట రాకపోతే శిక్షణకు పంపండి. అంతేగాని దాని అసమర్థతను బట్టి వేదాద్రి గారి ఆత్మవిశ్వాసాన్ని శంకించడం భావ్యం కాదు" అన్నాడాయన.

సున్నా రాయొచ్చని తెలిశాక, నంజుండప్ప సరే, మిగతా ముగ్గురు ఊరుకుంటారా? మర్నాటికి వాళ్లూ సున్నాలు పట్టుకొచ్చారు. డైరెక్టర్ తల పట్టుకుని నియమావళికి పదకొండో నిబంధన చేర్చాడు: ఒకరికి మించి సున్నా రాసిన పక్షంలో, ఎక్కువ కాలం పరిశీలన జరిపినవారి సున్నాయే బరువైన సున్నాగా పరిగణించవలెను. మిగతావాళ్లు అయిదేళ్ల టేపులు వాడితే వేదాద్రి పదకొండేళ్ల టేపులు వాడాడు. కాబట్టి ఆయన సున్నా గెలిచింది. ఆయన జవాబే కేంద్రం జవాబయింది.

ఆ జవాబు ప్రకారం డిష్షు, డిష్షుకు తూర్పున నలభై మూడు మీటర్ల దూరంలో, ఓబులమ్మ పొయ్యి మీద ఉంది.

ఓబులమ్మ గురించి చెప్పాలి. డిష్షు కట్టేటప్పుడు కూలీలకు వండడానికి కొండెక్కిన మనిషి. కట్టడం అయిపోయింది, కూలీలు దిగిపోయారు, ఆవిడ మాత్రం దిగలేదు. రేకుల షెడ్డు, రెండు బల్లలు, మట్టి పొయ్యి, ఇవే ఆవిడ మెస్సు. పొద్దున ఉగ్గాని, మధ్యాహ్నం రాగిసంగటి, ఊరిబిండి, సాయంత్రం టీ. ఇరవై రెండేళ్లుగా ఈ కేంద్రంలో లెక్క తప్పనిది ఏదన్నా ఉంటే అది ఓబులమ్మ సంగటిలో ఉప్పే. వకుళకు చేరిన ఏడాదే కామెర్లొస్తే నెల రోజులు విడిగా పథ్యం వండి, కూర్చోబెట్టి తినిపించింది. కన్నతల్లి ఫోనులో ఏడుస్తుంటే ఫోను లాక్కుని, "నేనుండా గదమ్మా, నువ్వు కన్నీళ్లు పెట్టుకోవాకు" అని చెప్పిన మనిషి.

నలభై మూడు మీటర్ల తేడా ఎక్కణ్ణుంచి వచ్చిందో కనుక్కోవడానికి వకుళకు ఒక పూట పట్టింది. లెక్క మొదలుపెట్టేముందు డిష్షు ఉజ్జాయింపుగా ఎక్కడుందో యంత్రానికి చెప్పాలి. ఆ ఉజ్జాయింపును ఎంత వదులుగా పట్టుకోవాలో కూడా చెప్పాలి. సర్వేయర్ పుల్లన్న కొలిచి తెచ్చిన స్థానాల జాబితాలో అన్నిటికన్నా నిలకడగా ఉన్నదాన్ని వేదాద్రి ఏరుకుని, దీన్ని అసలు వదలొద్దని యంత్రానికి ఆజ్ఞ ఇచ్చాడు. యంత్రం పదకొండేళ్ల టేపులు నమిలి, మూడు రోజులు ఆలోచించి, ఆయన ఇచ్చిన ఉజ్జాయింపునే తిరిగి ఆయన చేతిలో పెట్టింది. తేడా సున్నా.

వకుళ వెళ్లి పుల్లన్నను పట్టుకుంది. "ఈ రీడింగు ఎక్కడ తీశావు పుల్లన్నా?"

పుల్లన్న కాగితం చూసి మురిసిపోయాడు. "ఇదా మేడం! ఇంత నిలకడగా నా సర్వీసులో యానాడూ రాలా. ఆ పొద్దు ఎండ మండిపోతాంటే, సంగటి తిందామని మెస్సుకు పోయినా. జీపీఎస్ మిషను ఎండలో పెడితే పాడయిపోతాదని పొయ్యి పక్కన నీడన దించినా. ఆపడం మర్సిపోయినా. తినినాక కునుకు పట్టింది. మూడు గంటలు మిషనూ కదల్లా, నేనూ కదల్లా."

డిష్షు పక్కన ఎండకు తాళలేక గబగబా తీసిన రీడింగులన్నీ అటూ ఇటూ ఊగాయి. పుల్లన్న నిద్రపోయిన రీడింగు ఒక్కటే ధ్యానంలో ఉన్నట్టు నిలిచింది. కేంద్రం చరిత్రలో అత్యంత కచ్చితమైన కొలత సంగటి కొలత.

ఇదంతా కాగితాల మీదే ఉండి ఉంటే నవ్వుకుని ఊరుకునేవాళ్లు. కానీ వచ్చే సోమవారం పైనుంచి పెద్దలు వస్తున్నారు. డిష్షు అధికారిక స్థానంలో నల్లరాతి స్తంభం నాటి ఆవిష్కరించాలని కార్యక్రమం. "భూగోళంపై ఈ డిష్షు స్థానం ఇదే" అని ఇత్తడి పలక కూడా చెక్కించేశారు. డైరెక్టర్ అత్యవసర సమావేశం పెట్టాడు.

"మన ముందు రెండు మార్గాలున్నవి. డిష్షును దాని అధికారిక స్థానానికి తరలించుట మొదటిది. బరువు ఆరువందల టన్నులు గనుక సోమవారంలోగా అది సాధ్యపడదని ఇంజినీరింగు విభాగం సవినయంగా తెలియజేసినది. కావున రెండో మార్గం. మెస్సును తొలగించుట."

వకుళ లేచి నిలబడింది. పుల్లన్న, సంగటి, కునుకు, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పింది. "డిష్షు కిటికీలోంచి కనబడుతోంది సార్. మెస్సులో లేదు" అంది చివరికి.

డైరెక్టర్ కిటికీ వైపు చూడలేదు. "మీరు చెప్పినదాంట్లో తప్పు ఎంత ఉండవచ్చు?" అన్నాడు.

సున్నా అనేద్దామని నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఎనిమిదేళ్ల అలవాటు అంత తొందరగా పోతుందా? ఆ పూట పుల్లన్న మిషను పొయ్యికి కుడి పక్కన పెట్టాడో ఎడమ పక్కన పెట్టాడో వకుళకు తెలియదు. "తొంభైతొమ్మిది పాళ్లు నిజం సార్. ఓ మూర అటూ ఇటూ ఉండొచ్చు" అంది.

వేదాద్రి జాలిగా నవ్వాడు. "అమ్మాయికి నూటికి ఒక పాలు అనుమానం ఉంది సార్. నాకు లేదు."

తీర్మానం అయిపోయింది. సాయంత్రానికి డిష్షుకు ఒక బోర్డు వేలాడదీశారు: గమనిక, డిష్షు ఈ స్థానంలో లేదు. డిష్షు దగ్గర కాపలా ఉండే వాచ్‌మన్‌ను, లేని వస్తువుకు కాపలా ఏమిటని మందలించి మెస్సు దగ్గరికి మార్చారు. వాచ్‌మన్ మాత్రం మహా సంతోషపడ్డాడు. ఇద్దరు మనుషులు ముగ్గుపిండితో వచ్చి, ఓబులమ్మ పొయ్యి చుట్టూ గుండ్రంగా గీత గీసి వెళ్లారు.

వకుళ వెళ్లేసరికి ఓబులమ్మ ఆ గీత మధ్యలో కూర్చుని ఉల్లిపాయలు తరుగుతోంది.

"నేనేం పాపం చేసినా పాపా? ఇరవై రెండేండ్లు. ఒక్క పూట పొయ్యి ఆర్పింది లేదు. ఆ డిష్షు వచ్చి నా పొయ్యి మీద కూసుందంటే నేనేం జేసేది? నేనిప్పుడు యాడికి పోవాల?" కళ్లలో నీళ్లు ఉల్లిపాయలవి కావు, వకుళకు తెలుసు.

వకుళ ఆ రాత్రంతా నియమావళి చదివింది. రాసినవాళ్లు కూడా అంత శ్రద్ధగా చదివి ఉండరు. తొమ్మిదో నిబంధన దగ్గర ఆగింది: డిష్షు పరిశీలనలో నిరంతరం నిమగ్నమైన ఎవరైనను తమ ఫలితము సమర్పింపవచ్చును. మర్నాడు పొద్దున్నే ఒక ఖాళీ ఫారం తీసుకుని మెస్సుకు వెళ్లింది.

"ఓబులమ్మక్కా, నేనడిగినదానికి చెప్పు. డిష్షును ఎప్పట్నుంచి చూస్తున్నావు?"

"అది లెయ్యక ముందునుంచీ. దాని పునాదికి గుంత తవ్వినోళ్లకు నేనే గదా వండింది."

"రోజుకు ఎన్ని గంటలు?"

"తెల్లారి ఆరింటి నుంచి సాయంత్రం ఆరుదాకా. పొయ్యి కాడ నిలబడితే ఎదురుగా అదే గదా ఉండేది. ఇంగ దేన్ని సూసేది?"

"అది ఎక్కడుంది?"

ఓబులమ్మ గరిటె ఎత్తి చూపించింది. "అదో, ఆడ. ఈడ్నించి అరవై అంగలు. నిండు బిందెతో అయితే అరవై ఐదు."

వకుళ బిందె సంగతి వదిలేసి, అరవై అంగలను మీటర్లలోకి మార్చి రాసింది. "ఇందులో తప్పు ఎంత ఉండొచ్చు?"

"అంత లావు డిష్షు యాడుండాదో సెప్పనీకి తప్పేముంటాది పాపా? నీకు కనబళ్లేదా?"

తప్పు గడిలో సున్నా రాసి, ఓబులమ్మ చేత వేలిముద్ర వేయించింది. సున్నా తనది కాదు కదా, చెప్పినావిడది. అలా అనుకుని వకుళ మనసుకు సర్దిచెప్పుకుంది.

సమావేశంలో వేదాద్రి భగ్గుమన్నాడు. "ఈమెకు రేడియో టెలిస్కోపు పరిజ్ఞానం ఏమిటి? ఈమె దగ్గర టేపులెక్కడ?"

"పదకొండో నిబంధనలో టేపుల ప్రసక్తి లేదు సార్. పరిశీలన కాలం అని మాత్రమే ఉంది. మీది పదకొండేళ్లు. అందులోనూ నెలకు రెండు రోజులు. ఓబులమ్మది ఇరవై రెండేళ్లు, రోజూ పన్నెండు గంటలు, పండగ సెలవులు కూడా లేవు" అంది వకుళ.

డైరెక్టర్ తను రాసిన నిబంధన తనే రెండుసార్లు చదువుకున్నాడు. తన ఉత్తర్వు తప్పంటే తనకు తప్పు గడి ఉన్నట్టే అవుతుంది. గొంతు సవరించుకున్నాడు. "కేంద్రం నిరంతర పరిశీలనను గౌరవిస్తుంది. శ్రీమతి ఓబులమ్మ గారిని ఆరవ విశ్లేషణ బృందంగా గుర్తించుచున్నాము. డిష్షు స్థానము డిష్షు వద్దనే ఉన్నట్లు ఇందుమూలముగా నిర్ధారించడమైనది."

డిష్షుకు తగిలించిన బోర్డు తీసేశారు. స్తంభం డిష్షు పక్కనే నాటారు. వచ్చిన పెద్దలు చప్పట్లు కొట్టి, ఓబులమ్మ బజ్జీలు తిని వెళ్లారు. మెస్సు ఇప్పుడు పరిశీలనా కేంద్రం గనుక దాన్ని మిల్లీమీటరైనా కదపరాదని ఇంకో ఉత్తర్వు వచ్చింది. పొయ్యి చుట్టూ ఇనుప గొలుసు కట్టారు. ఓబులమ్మ దాని మీద తువ్వాళ్లు ఆరేసుకుంటోంది.

కథ ఇక్కడ ఆపేస్తే అందరికీ సుఖం. కానీ మూడు నెలలకోసారి ప్రతి బృందమూ ఫారంలోని అన్ని గడులూ నింపాలి. అందులో భూభ్రమణం గడి కూడా ఉంది. ఆరవ బృందం ఫారం నింపించడానికి వేదాద్రి తనే స్వయంగా, నవ్వు మొహంతో, మెస్సుకు వెళ్లాడు.

"ఓబులమ్మ గారూ, ఈ మూడు నెలల్లో భూమి తిరగడం మీరు గమనించారా?"

"భూమా?" ఓబులమ్మ కాలికింద చూసుకుంది. "లేదు సార్. యాడుండేది ఆడే ఉండాది. తిరిగుంటే పొయ్యి మీది సట్లు దొర్లిపోవూ?"

"ఏమైనా అనుమానం ఉందా?"

"అనుమానం దేనికి సార్? నా కాళ్ల కిందే గదా ఉండేది."

వేదాద్రి సున్నా రాసుకుని, టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు. మధ్యాహ్నానికి డైరెక్టర్ ఉత్తర్వు తయారైంది: ఆరవ బృందం నివేదిక దృష్ట్యా, తదుపరి ఉత్తర్వుల వరకు భూభ్రమణము నిలిచిపోయినట్లు పరిగణించవలెను. అందువలన హాజరుపట్టీలో తేదీ మార్చరాదు. అనుమతి లేకుండా సూర్యాస్తమయం జరిగినచో సంబంధిత విభాగం నుంచి సంజాయిషీ కోరబడును. కింద సమన్వయ అధికారిణి సంతకం కోసం ఖాళీ వదిలారు.

వకుళ ఆ కాగితం పట్టుకుని మెస్సుకు వచ్చి, గడప పక్కన బల్ల మీద కూలబడింది. ఎదురు బల్ల దగ్గర నంజుండప్ప ఖాళీ గ్లాసు ముందు పెట్టుకుని టీ కోసం కూర్చున్నాడు. వకుళ కాగితం ఆయన ముందుకు తోసింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని చదివి, మళ్లీ ఆమె ముందుకే తోశాడు.

ఓబులమ్మ బయటికి ఒకసారి తొంగి చూసి, టీ గిన్నె పొయ్యి మీద పెట్టింది.

"గడియారం లేదు కదక్కా, రోజూ సరిగ్గా నాలుక్కే ఎలా పెడతావు?" మాట మార్చడానికి అడిగింది వకుళ.

"డిష్షు నీడ వస్తాది గదా పాపా. పొద్దున ఆ పక్కన యాడనో ఉంటాది. మెల్లగా తిరుక్కుంటా వచ్చి గడప తాకిందంటే నాలుగే. దినామూ అంతే." కాస్త ఆలోచించింది. "ఎండకాలం కొంచెం అటు, సలికాలం కొంచెం ఇటు."

నంజుండప్ప తల ఎత్తాడు. వకుళ కలం మూత తీసింది. ఇరవై రెండేళ్లుగా భూమి తిరగడాన్ని రోజూ కొలుస్తున్న మనిషి, తప్పెంతో కూడా తనంతట తానే చెప్పిన మనిషి, ఈ కొండ మీద ఇంకొకరు లేరు. ఆ మాట ఫారంలో రాస్తే భూమి మళ్లీ తిరుగుతుంది. కానీ ఫారం మొత్తానికీ ఉన్నది ఒక్క తప్పు గడే, అందులో అటూ ఇటూ అని రాయాలి. రాస్తే ఓబులమ్మ సున్నా పోతుంది, బరువు పోతుంది, వేదాద్రి సున్నా తిరిగొస్తుంది, డిష్షు వచ్చి మళ్లీ పొయ్యి మీద కూర్చుంటుంది.

"ఏమ్మా, రాస్తావా?" అన్నాడు నంజుండప్ప మెల్లగా.

వకుళ పొయ్యి వైపు చూసింది. గొలుసు మీద తువ్వాళ్లు ఆరుతున్నాయి. భూమి సంగతి భూమి చూసుకుంటుంది, దానికి ఎవరి సంతకంతోనూ పని లేదు. ఓబులమ్మకు మాత్రం ఇంకో పొయ్యి లేదు. ఏడుపొచ్చింది, వెంటనే నవ్వూ వచ్చింది. భూమి ఆగిపోయిందని ఒప్పుకుంటూ సంతకం పెట్టేసింది.

"అట్ల ఉండావేంది పాపా? తాగు, సల్లారిపోతాది" అంటూ ఓబులమ్మ గ్లాసు తెచ్చి పెట్టింది.

సిరా ఇంకా ఆరలేదు. ఈలోగా డిష్షు నీడ గడప దాటి, బల్ల ఎక్కి, కాగితం అంచు మీదికి వచ్చింది. వకుళ కాగితాన్ని కొంచెం ఎండలోకి జరుపుకుని, టీ తాగింది.